ఎవరి చేతి నుంచి

పుట్టి ఏడు రోజులైన ఆడపిల్ల నెత్తురు సెప్టెంబరు మూడో వారంలో ల్యాబుకు వచ్చింది. సీసా మీద తల్లి పేరు రాసి ఉంది. రేణుక బిడ్డ, పదహారు వందల గ్రాములు, మానవపాడు దగ్గరి పల్లె.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపుల నుంచి నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఆ ల్యాబు ఉన్న పెద్ద దవాఖానకే తెస్తారు. సుమన అక్కడ మైక్రోబయాలజీ డాక్టరు. తెలకపల్లి రైతుల ఇంట్లో పుట్టి, హైదరాబాదులో చదివి, నాలుగేళ్ళ కింద ఈ ఉద్యోగంలో చేరింది. ల్యాబులో ఆమెతో పాటు జంగయ్య అనే టెక్నీషియన్ ఉంటాడు. యాభై ఐదేళ్ళ మనిషి. ఎక్కువ మాట్లాడడు.

మరునాటికి నెత్తురులో క్రిమి పెరిగింది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. దాన్ని పళ్ళెంలో పరిచి, మీద మందుల బిళ్ళలు పెట్టి, ఇంకో రోజు ఆగారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగక గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ పళ్ళెంలో పన్నెండు బిళ్ళలున్నాయి. ఒక్కదాని చుట్టూ కూడా ఖాళీ లేదు. అన్నీ విఫలమైనప్పుడు వాడే మెరోపెనెం బిళ్ళను కూడా ఆనుకుని క్రిమి దట్టంగా, జిగటగా పెరిగి ఉంది.

సుమన పిల్లల వార్డుకు ఫోన్ చేసింది. డాక్టర్ క్రాంతి కుమార్ ఎత్తాడు.

"మెరోపెనెం నడుస్తుందా?" అని అడిగింది.

"నిన్నటి నుంచి ఇస్తున్నా."

"పనిచేయదు. బిళ్ళల్ల లేని పాత మందు ఒక్కటే మిగిలింది. కిడ్నీలు దెబ్బతింటయి. ఇస్తే ఇవాళే ఇయ్యండి."

ఇచ్చారు. పదకొండో రోజు పొద్దున పిల్ల చనిపోయింది. సుమన ఆ పిల్లను ఒక్కసారి కూడా చూడలేదు. ల్యాబు వాళ్ళు వార్డుకు పోవడం తక్కువ.

దసరా సెలవులైపోయిన వారానికి ఒకామె ల్యాబు గుమ్మం ముందు కూర్చుని ఉందని జంగయ్య వచ్చి చెప్పాడు. పొద్దున ఎనిమిది నుంచి కూర్చుందట. రిపోర్టు కోసమా అంటే కాదందట.

ఆమె పేరు జమ్ములమ్మ. రేణుక అత్త. వయసు యాభై లోపే ఉంటుంది కానీ మనిషి బాగా చిక్కిపోయింది. వేళ్ళ కొసలు పసరు పట్టి నల్లబడి ఉన్నాయి. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చింది. కుర్చీ చూపిస్తే గోడకు ఆనుకుని నిలబడింది.

"మేడం, మా మనవరాలి నెత్తురు మీరే చూసిండ్రంట గదా."

"నేనే చూసిన. కూసోమ్మా."

"ఒక్క మాట అడిగి పోత. నా యేలు నుంచే వచ్చిందా?"

సుమనకు అర్థం కాలేదు. జమ్ములమ్మ తన కుడిచేతి చిటికెన వేలు చూపించింది.

పిల్ల పుట్టిన రెండో రోజు ఏడుస్తుంటే చూడలేక, చక్కెర నీళ్ళలో వేలు ముంచి నోట్లో పెట్టింది. నర్సు చూసి కోప్పడి కాగితంలో రాసింది. పిల్ల పోయాక ఆ మాట బయటికి వచ్చింది. కొడుకు సతీష్ ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం లేదు. కోడలు ఆమె చేతి అన్నం తినడం లేదు. సీడు పత్తి చేలల్లో పువ్వుకు పువ్వు రుద్దే క్రాసింగు పనికి పిలిచినా జమ్ములమ్మ పోవడం మానేసింది.

"నేను సంపినట్లే అంటుండ్రు. అయ్యుండొచ్చు. నాకు తెల్వదు. నర్సమ్మలు కోపంల అంటరు, ఊరోళ్ళు ఏదన్న అంటరు. మీరు క్రిమిని కండ్లతోని చూసిండ్రు. మీరు చెప్తే నమ్ముత."

కాదు అని ఒక్క మాట చెప్పి పంపించవచ్చు. సుమన నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ నిజంగా ఆమెకు తెలియదు. తెలియని మాట చెప్తే, ఈమె దాన్ని పట్టుకుని బతకాలి.

"నాకు తెల్వదమ్మా," అంది. "జర టైం ఇయ్యి. తెలుసుకుంట."

ఆ రోజు జమ్ములమ్మ చేతుల నుంచి, మలం నుంచి నమూనాలు తీసుకున్నారు. దేనికని ఆమె అడగలేదు. ఆమె పోయాక సుమన దూది పుల్లలు తీసుకుని పిల్లల వార్డుకు వెళ్ళింది. పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెల అంచులు, తలుపు గడియలు, తూకం పళ్ళెం, చేతులు కడిగే సింకు, దాని కింది గొట్టం మూతి, అన్నిటినీ పుల్లలతో తుడిచి నమూనా గొట్టాల్లో వేసుకుంది. సింకు జాలీ తీస్తే లోపల బూడిదరంగు జిగురు వేలిమందం పేరుకుని ఉంది. నల్లా తిప్పితే నీళ్ళు నేరుగా ఆ జాలీ మీదే పడి, తుంపర్లు ముంజేతిదాకా ఎగిరాయి.

నాలుగో రోజుకు ఫలితాలు వచ్చాయి. సింకు గొట్టంలో ఉన్నది క్లెబ్సియెల్లా. పిల్ల నెత్తురులో ఉన్నదాని లాగే ఏ మందుకూ లొంగలేదు. ఆ సింకు వాడొద్దని సుమన అప్పుడే వార్డుకు చెప్పింది. జమ్ములమ్మ చేతుల మీద ఏమీ లేదు. ఆమె మలంలో క్లెబ్సియెల్లా లేదు. కానీ ఇ.కోలై ఉంది. అది అందరి పేగుల్లోనూ ఉండేదే, మామూలుగా ఏ హానీ చేయనిదే. అయితే ఆమెలోని ఇ.కోలై కూడా ఒక్క మందుకూ లొంగలేదు.

జంగయ్య రెండు పళ్ళేలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"జాతులు వేరు మేడం. గుణం ఒక్కటే ఉంది."

"దాటిందేమో అన్నా," అంది సుమన.

బ్యాక్టీరియాకు ఉండే అసలు జన్యు పదార్థం కాక, కొన్నిటిలో ఉంగరం లాంటి చిన్న డీఎన్ఏ చుట్ట విడిగా ఉంటుంది. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. మందును విరగ్గొట్టే గుణం చాలాసార్లు ఆ ఉంగరంలోనే రాసి ఉంటుంది. ఉంగరం ఉన్న కణం సన్నటి నూలుపోగు లాంటి గొట్టాన్ని చాచి పక్క కణాన్ని తాకుతుంది. దగ్గరికి లాక్కుంటుంది. రెండూ ఆనుకున్నాక ఉంగరంలోని ఒక పోగు అవతలికి జారుతుంది. ఇటు మిగిలిన పోగుకూ, అటు చేరిన పోగుకూ జత మళ్ళీ అల్లుకుంటుంది. ఇచ్చినది ఏమీ పోగొట్టుకోదు. పుచ్చుకున్నది అప్పటి నుంచి ఇంకోదానికి ఇవ్వగలదు. సంయుగ్మం అని పాఠ్యపుస్తకాల్లో ఉండే మాట ఇదే. సుమన పరీక్షల కోసం దాని బొమ్మ ఎన్నోసార్లు గీసింది. తన దవాఖానలో అది జరుగుతుందేమోనని ఎన్నడూ వెతకలేదు.

ఇప్పుడు వెతకడం మొదలుపెట్టింది. ఆమె దగ్గర చదువుకునే రోజుల్లో గురువు ఇచ్చిన ల్యాబు ఇ.కోలై ఒకటి ఉంది. అది సోడియం అజైడ్ అనే విషాన్ని తట్టుకుంటుంది, మెరోపెనెంకు మాత్రం వెంటనే చస్తుంది. పిల్ల నెత్తురులోని క్లెబ్సియెల్లా దానికి సరిగ్గా వ్యతిరేకం. మెరోపెనెంను తట్టుకుంటుంది, అజైడ్‌కు చస్తుంది. రెండిటినీ క్రిములు పెరిగే ఒకే రసంలో కలిపి, ఒంటి వేడిలో ఒక రోజు ఉంచారు. తరవాత అజైడ్, మెరోపెనెం రెండూ కలిపిన పళ్ళెం మీద పరిచారు. విడివిడిగా ఏదీ ఆ పళ్ళెంలో బతకలేదు.

మరునాడు పొద్దున జంగయ్య మూత తీశాడు. పళ్ళెం నిండా చుక్కలు లేచి ఉన్నాయి. అవన్నీ ల్యాబు ఇ.కోలై. మొన్నటిదాకా మెరోపెనెంకు చచ్చినవి.

"ఒక్క దినంలనే," అన్నాడు జంగయ్య.

సింకు గొట్టంలో ఇలాంటివి ఎన్ని రోజులుగా, ఎన్ని జాతులతో కలిసి ఉన్నాయో సుమన లెక్క వేయలేకపోయింది.

అయినా అసలు ప్రశ్న అట్లాగే ఉంది. గుణం దాటుతుందని తెలిసింది కానీ ఎటు నుంచి ఎటు దాటిందో తెలియలేదు. జమ్ములమ్మ ఇంటి నుంచి తెచ్చి ఉంటే అది వార్డులోకి చేరి ఉండవచ్చు. వార్డులో ఉన్నదే ఆమె కడుపులోకి పోయి ఉండవచ్చు. సుమన ఈ మాటే పైకి అనుకుంటుంటే జంగయ్య లేచి చలిపెట్టె దగ్గరికి వెళ్ళాడు. అడుగు అరలోంచి మంచు పట్టిన చిన్న గొట్టం తీసి ఆమె ముందు పెట్టాడు. దాని మీద జులై తారీఖు ఉంది.

"అయిజ నుంచి వచ్చిన పిల్లది. అది గూడ దేనికీ లొంగలేదు. పారేయమని మీరన్నరు. ఎప్పుడన్న పనికొస్తదని దాచిన."

జులైలో జమ్ములమ్మ ఈ దవాఖాన గుమ్మం కూడా తొక్కలేదు.

నాలుగు నమూనా గొట్టాలనూ హైదరాబాదులోని ఒక పరిశోధనశాలకు పంపారు. ఐదు వారాలకు జవాబు వచ్చింది. జులై పిల్లలోని క్లెబ్సియెల్లా, సింకులోని క్లెబ్సియెల్లా, రేణుక బిడ్డ నెత్తురులోని క్లెబ్సియెల్లా ఒకే వంశానివి. జమ్ములమ్మలోని ఇ.కోలై ఆ ఊరివాళ్ళలో ఎవరిలోనైనా ఉండే మామూలు రకం. కానీ దానిలోని ఉంగరం, ఆ మూడిటిలో ఉన్న ఉంగరం, అక్షరం తేడా లేకుండా ఒక్కటే.

సుమన నాలుగు పేజీల నివేదిక రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నర్సు రాసింది కదమ్మా, పిల్ల నాయనమ్మ వేలు పెట్టిందని. ఫైలు అక్కడితో మూసేసినం."

"సింకులో క్రిమి అంతకుముందు నుంచే ఉంది సార్. జులైలోనే ఉంది."

"ఇరవై మంది పిల్లలకు ముగ్గురు నర్సులు. ఈ కాగితం బయటికి పోతే రేపు వాళ్ళ మీద పడతారు జనం. నీకది సమ్మతమేనా?"

"నర్సుల పేరు ఎక్కడా రాయలేదు సార్. గొట్టం గురించే రాసిన. ఆ ముసలామె పేరు మీద ఫైలు మూయొద్దు."

ఆమె ముసలామె కాదని సుమనకు తరవాత గుర్తొచ్చింది. సూపరింటెండెంట్ కాగితాలు పక్కన పెట్టాడు. మూడో రోజు ప్లంబర్లు వచ్చి ఆ సింకును గోడతో సహా పెకిలించారు. నివేదిక మీద ఆయన సంతకం పెట్టి, కింద ఎర్ర సిరాతో 'చూసితిని' అని మాత్రం రాశాడు.

డిసెంబరులో ఒక ఆదివారం సుమన గద్వాల పోయి, అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లె చేరింది. మిరప చేలు కాపు మీద ఉన్నాయి. జమ్ములమ్మ ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. సతీష్ ఇంట్లోనే ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు, పుణెలో తాపీ పనికి పోయి కాన్పుకని వచ్చి మళ్ళీ పోలేదు. రేణుక తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. మంచం వేశారు కానీ సుమన చాప మీద కూర్చుంది.

"అమ్మా, మీరు సీడు పత్తిల క్రాసింగు చేస్తరు గదా," అని జమ్ములమ్మను అడిగింది. "మొగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు రుద్దితే ఏమైతది?"

"కాయ పడ్తది. దాని ఇత్తునంల రెండు మొక్కల గుణం ఉంటది."

"క్రిములకు కాయ అక్కర్లేదు, ఇత్తునం అక్కర్లేదు. పక్కపక్కన పడితే చాలు. మందుకు సావని గుణం దీంట్లకెల్లి దాంట్లకు పోతది. కొత్తది పుట్టదు. ఉన్నదే మారిపోతది."

జమ్ములమ్మ కొంచెం ఆలోచించింది.

"జాతి ఒక్కటే ఉండాల్నా మేడం? పత్తికి పత్తి పువ్వే కావాలె. మిరప పువ్వు తెచ్చి రుద్దితే కాయ పడదు."

ఎంబీబీఎస్ పిల్లలకు పాఠం చెప్పినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఉండనక్కర్లేదు," అంది సుమన. "అదే కష్టం. పిల్ల నెత్తురుల ఉన్నది ఒక జాతి. మీ కడుపుల ఉన్నది ఇంకో జాతి. గుణం మాత్రం ఒకటే."

సతీష్ తల ఎత్తాడు. "అంటే అవ్వ నుంచే వచ్చినట్ల?"

"కాదు. అమ్మ దవాఖానకు రాకముందే, జులైల ఇంకో పిల్లకు ఇదే వచ్చింది. అదే జాతి, అదే గుణం. చేతులు కడిగే సింకుల ఉండె అది. అమ్మ దాన్ని ఇంటి నుంచి తేలేదు. అక్కడ ఆరు దినాలు ఉన్నది గదా, అక్కడి నుంచే ఆమె కడుపులకు పోయింది."

జమ్ములమ్మ ఏడవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది, "అయితే నా యేలు నుంచి కాదా?"

ఇక్కడ ఆపేయవచ్చు. దారి పొడుగునా సుమన దీని గురించే ఆలోచించింది.

"యేలు పెట్టేముందు చెయ్యి కడిగినవా?"

"కడిగిన. సబ్బు పెట్టి కడిగిన. ఆ సింకులనే."

"ఆ నీళ్ళ తుంపర్లతోని చేతికి అంటి ఉండొచ్చు. నీ చేతికే కాదు. నర్సులు అండ్లనే కడిగిండ్రు. డాక్టర్లు అండ్లనే కడిగిండ్రు. ఎవరి చేతి నుంచి పోయిందో నేను ఎన్నడూ చెప్పలేను. క్రిమి మాత్రం అక్కడిదే."

బయట ఎవరో ట్రాక్టరు ఆపి సతీష్‌ను పిలిచి, జవాబు లేక వెళ్ళిపోయారు.

అప్పుడు రేణుక మాట్లాడింది. అంతసేపటికి అదే మొదటి మాట.

"నా పాలు పిండి గిన్నెల పట్టి ఇచ్చేదాన్ని. ఆ గిన్నె గూడ ఆ సింకుల్నే కడిగిన. దినానికి ఎనిమిది సార్లు."

సతీష్ భార్య వైపు చూశాడు. జమ్ములమ్మ కూడా చూసింది.

"కడగమని మేమే చెప్పినం రేణుకా," అంది సుమన. "మేం చెప్పినట్లనే మీరు చేసిండ్రు. తప్పు చెప్పిన మాటల లేదు, కడిగిన చేతుల లేదు. ఆ గొట్టాన్ని చూడాల్సింది మేము."

"జులై పిల్ల బతికిందా?"

"బతికింది. కర్నూలు తీస్కపోయిండ్రు."

"జులైల్నే చూసుంటే?"

రేణుక గొంతులో కోపం లేదు. జవాబు కోసమే అడిగింది. ఈ ప్రశ్నను నివేదికలో ఎవరూ అడగలేదు. సూపరింటెండెంట్ అడగలేదు. సుమన తనను తాను అడిగి, ప్రతిసారీ ఇంకేదో పనిలో పడేది.

"చూసుంటే మీ పిల్లకు వచ్చేది కాదేమో," అంది. "నేను చూడలేదు. ఒక్క కేసే గదా అనుకున్న. ఆ పిల్ల నమూనాను పారేయమన్నది గూడ నేనే."

రేణుక తలుపు దగ్గరే కింద కూర్చుంది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. జమ్ములమ్మ లేచి కోడలి దగ్గరికి పోబోయి, మధ్యలో ఆగింది. మళ్ళీ కదిలి, ఆమె పక్కన, ఆనుకోకుండా, జానెడు దూరంలో కూర్చుంది. రేణుక జరగలేదు.

సతీష్ ఆటో దాకా వచ్చాడు. "కేసు పెట్టొచ్చా మేడం?" అని అడిగాడు.

"పెట్టొచ్చు. ఇగో, నా రిపోర్టు నకలు నీ తాన ఉంచుకో. పిలిస్తే వచ్చి ఇదే చెప్త."

అతను కాగితాలను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆటో ఎక్కబోతుంటే జమ్ములమ్మ గబగబా నడిచి వచ్చింది. "నాల ఇంక ఉన్నదా అది?" అని మెల్లగా అడిగింది. "రేపు మల్ల ఇంట్ల పిల్ల పుడితే?"

"కొన్నాళ్ళుంటది. ఉత్తిగ జ్వరానికి, దగ్గుకు ఆర్‌ఎంపీ ఇచ్చే గోలీలు మింగకుంటే మామూలు క్రిములే మల్ల నిండుతయి. మూడు నెలలకోసారి రా, పరీక్ష చేస్త. చెయ్యి సబ్బుతోని కడుగు, పారే నీళ్ళల. పిల్లను ఎత్తుకో. భయపడకు."

జమ్ములమ్మ మార్చిలో ఒకసారి వచ్చింది. క్రిమి ఇంకా ఉంది. జూన్‌లో మళ్ళీ వచ్చింది. ఆ సారి జంగయ్య పళ్ళెం చూసి, ఇంకోసారి పరీక్ష చేసి, లేదన్నాడు. ఆమె వెంట రేణుక కూడా వచ్చింది. ఇద్దరూ అయిజ వైపు సీడు పత్తి చేనికి కుదురుకున్నారట. రేణుక ల్యాబు లోపలికి రాలేదు. వరండాలో నిలబడి, అత్త బయటికి వచ్చాక చెప్పులు ఆమె కాళ్ళ ముందుకు జరిపింది.

సతీష్ కేసు పెట్టలేదు. పుణె పోయాడు. వారానికొకసారి తల్లికి ఫోన్ చేస్తాడట. ఎక్కువసేపు మాట్లాడడట.

సుమన ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం వార్డులన్నిటికీ పోతుంది. కొత్త సింకు, మూత్రశాల గొట్టాలు, పాలగిన్నెలు, అన్నీ తానే తుడిచి తెస్తుంది. ఏడు నెలలు ఏమీ రాలేదు. ఎనిమిదో నెలలో పై అంతస్తు ఆడవాళ్ళ వార్డులోని ఒక సింకు గొట్టంలో వచ్చింది. క్లెబ్సియెల్లా కాదు, ఇంకో జాతి. మందులకు లొంగనితనం మాత్రం అదే. ఆమె పళ్ళేన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసి, వార్డుకు ఫోన్ చేసి, ఆ నల్లా ఇప్పుడే మూసేయమని చెప్పింది.